హోటళ్ళలో మిగిలిన అన్నం, కూరలు, వాడిన నూనెతో బండ్లు నడపవచ్చునా?

ప్రశ్న (బరంపురం, హోటలు యజమాని)

పెద్దలకు నమస్కారం. బరంపురంలో మాకు ఒక మధ్యరకం భోజన హోటలు ఉన్నది. ఉదయం ఇడ్లీ, బరా, పూరీ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సింగడాలు, ఉల్లి పకోడీలు అమ్ముతాము. విస్తళ్ళలో వదిలిన అన్నం, మిగిలిన పప్పు, సాంబారు, కూరగాయల తొక్కలు, గంజి అన్నీ కలిపితే రోజుకు ఎనభై కిలోల వరకు తేలుతుంది. ఇదివరకు ఊరి చివర పశువులు పెంచేవారు కుడితి కోసం పట్టుకుపోయేవారు. పట్టణం పెరిగి పాకలు దూరమైపోయాక ఆ రాకపోకలు తగ్గిపోయాయి. దీనికి తోడు పకోడీల మూకుడులో నల్లబడిన నూనె వారానికి ఒక డబ్బా మిగులుతుంది. దానిని కాలువలో పోయడానికి మనసు ఒప్పదు, అడిగిన వాడికల్లా అమ్మడానికి భయం.

ఇందౌరులో తడి చెత్తతో గ్యాసు తీసి నగర బస్సులు నడుపుతున్నారని విన్నాము. మాకు సరుకులు తెచ్చే రెండు ఆటోలు సీఎన్‌జీ మీద నడుస్తాయి. మా వీధిలోనే మరో నాలుగు హోటళ్ళవారు కలిసి వస్తామంటున్నారు కనుక అందరి వ్యర్థాలు కలిపితే రోజుకు నాలుగు వందల కిలోలు అవుతుంది. ఈ పదార్థంతో మా బండ్లకు చాలినంత గ్యాసు తయారు చేసుకోగలమా? వాడిన నూనెను వడకట్టి పాత డీజిల్ వ్యానులో పోయవచ్చునని ఒక మెకానిక్కు చెబుతున్నాడు, అది నిజమేనా? అనుభవం ఉన్నవారు లెక్కలతో సహా చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు 1 (జయపురం, బయోగ్యాస్ ప్లాంట్లు కట్టేవారు)

నమస్కారమండి. కోరాపుట్, జయపురం ప్రాంతాలలో హాస్టళ్ళ వంటశాలలకు బయోగ్యాస్ ప్లాంట్లు కట్టడం, చెడిపోయినవి బాగుచేయడం నా వృత్తి. మీ ప్రశ్నలో రెండు వేర్వేరు వస్తువులున్నాయి. అన్నం, కూరల సంగతి నేను చెబుతాను, నూనె సంగతి తెలిసినవారు ఇక్కడే మరొకరు ఉన్నారు.

మీరు చెప్పిన ఇందౌరు ప్లాంటును 2022 ఫిబ్రవరి 19న ప్రధానమంత్రి ప్రారంభించారు. వేరుచేసిన తడి చెత్త రోజుకు 550 టన్నులు తీసుకుని, సుమారు 17,000 కిలోల బయో సీఎన్‌జీ, 100 టన్నుల ఎరువు తయారు చేసే సామర్థ్యంతో దానిని కట్టారు. అంటే టన్ను చెత్తకు దాదాపు ముప్పై కిలోల వాహన గ్యాసు. ఆ లెక్కన మీ నాలుగు వందల కిలోలకు పన్నెండు కిలోలు రావాలి. సీఎన్‌జీ ఆటో కిలోకు ముప్పై అయిదు కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, ఆ పన్నెండు కిలోలతో అన్ని ఆటోలూ కలిపి నాలుగు వందల కిలోమీటర్లు తిరగవచ్చు. మీ రెండు ఆటోలకు అది చాలినంతకంటె ఎక్కువే. అందువలన కాగితం మీద మీ ఆలోచన తప్పు కాదు.

చిక్కు వచ్చేది తయారైన గ్యాసును బండికి పనికివచ్చేటట్లు చేయడంలో. గాలి తగలని తొట్టిలో సూక్ష్మజీవులు అన్నాన్ని కుళ్ళబెట్టినప్పుడు వచ్చే గ్యాసులో మీథేను యాభై అయిదు నుండి అరవై అయిదు శాతం ఉంటుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం బొగ్గుపులుసు వాయువు. దానితోపాటు నీటి ఆవిరి, కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడ ఉంటాయి. పొయ్యికి ఈ గ్యాసు చాలును, వాహనానికి చాలదు. వాహనాలలో వాడే బయోగ్యాసుకు మన దేశపు ఐఎస్ 16087 ప్రమాణం ప్రకారం మీథేను కనీసం 90 శాతం ఉండాలి, హైడ్రోజన్ సల్ఫైడ్ ఘనమీటరుకు 20 మిల్లీగ్రాములకు మించరాదు. ఈ సల్ఫైడ్ ఇంజనులోని లోహపు భాగాలను తినివేస్తుంది. బొగ్గుపులుసు వాయువు మిగిలిపోతే సిలిండరులో మూడో వంతుకు పైగా చోటు మండని వాయువుకే పోతుంది. దానిని తొలగించడానికి ఒత్తిడితో నీటిలో కరిగించే పద్ధతి, వడపోత పొరల పద్ధతి, గుళికలకు అంటించి విడదీసే పద్ధతి ఉన్నాయి. శుద్ధి అయిన తరువాత గ్యాసును రెండు వందల బార్ల ఒత్తిడికి కుదించాలి. అంటే కంప్రెసరు, అధిక ఒత్తిడి సిలిండర్లు, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అనుమతి, ఇరవై నాలుగు గంటలూ చూసుకునే శిక్షణ పొందిన మనిషి కావాలి. పన్నెండు కిలోల గ్యాసుకైనా, పన్నెండు వందల కిలోల గ్యాసుకైనా వీటిలో ఏదీ తప్పదు. వీధిలోని అయిదు హోటళ్ళు ఆ ఖర్చు భరించడం నా దృష్టిలో వృథా.

మీకు హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టు ఉదాహరణ చెబుతాను. అక్కడ భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పద్ధతితో కట్టిన ప్లాంటులో రోజుకు పది టన్నుల కూరగాయల వ్యర్థాలతో అయిదు వందల యూనిట్ల విద్యుత్తు, ముప్పై కిలోల గ్యాసు తయారవుతాయని 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలోనే చెప్పారు. విద్యుత్తు మార్కెట్టు దీపాలకు, గ్యాసు అక్కడి క్యాంటీను వంటకు పోతున్నాయి. పది టన్నులు చేతిలో ఉన్నవారే గ్యాసును పొయ్యికి పంపారని గమనించండి.

మీకూ అదే మార్గం చెబుతాను. మీ ఎనభై కిలోల వ్యర్థాలకు రోజుకు ఏడెనిమిది ఘనమీటర్ల గ్యాసు వస్తుంది. ఒక ఘనమీటరు బయోగ్యాసు సుమారు 450 గ్రాముల ఎల్‌పీజీతో సమానం కనుక అది రోజుకు మూడు, మూడున్నర కిలోల వంట గ్యాసు అవుతుంది. పంతొమ్మిది కిలోల వాణిజ్య సిలిండరు ఆరు రోజులకు ఒకటి మిగులుతుందన్నమాట. శుద్ధి అక్కరలేదు, కుదింపు అక్కరలేదు, ఇనుప రజను నింపిన గొట్టంలో సల్ఫైడును పట్టి నేరుగా పొయ్యికి ఇవ్వవచ్చు. ఎల్‌పీజీ కంటె ఒత్తిడి తక్కువ కనుక బర్నరు రంధ్రాలను మాత్రం పెద్దవి చేయించుకోవాలి. శుద్ధి చేసి కుదించిన బయోగ్యాసును చమురు సంస్థలు కొనే కేంద్ర ప్రభుత్వ సతత్ పథకం కింద, ఆ సంస్థలు మొదట కిలోకు ఇస్తామన్నది 46 రూపాయలు. మీరు వాణిజ్య సిలిండరుకు కిలోకు పెడుతున్న ధరను దాని పక్కన పెట్టి చూసుకుంటే, గ్యాసును బండికి పోయడం లాభమో పొయ్యికి ఇవ్వడం లాభమో మీకే తెలుస్తుంది.

జవాబు 2 (రాయగడ, టిఫిను సెంటరు)

మేము హాస్టలు కుర్రవాళ్ళకు వడ్డించే వాళ్ళమే కనుక పై వారి లెక్కకు నా అనుభవం కొంత చేరుస్తాను. మా దగ్గర ప్లాంటు పెట్టిన కొత్తలో గ్యాసు బాగా వచ్చి, పండుగ భోజనాల తరువాత ఒక్కసారిగా నిలిచిపోయింది. తొట్టిలో పుల్లని వాసన మొదలైంది. ఒకేసారి అన్నం ఎక్కువ వేసినప్పుడు ఆమ్లం పుట్టించే సూక్ష్మజీవులు తమ పని త్వరగా చేస్తాయని, ఆ ఆమ్లాన్ని తిని మీథేను చేసేవి నిదానంగా పెరుగుతాయని, రెండవవి వెనకబడితే తొట్టి పులిసి అన్నీ ఆగిపోతాయని తరువాత తెలిసింది. పశువుల పేడతో పోలిస్తే అన్నం చాలా త్వరగా పులుస్తుంది. పేడ నీళ్ళతో తొట్టి మొదలు పెట్టి, వ్యర్థాలు కొద్దికొద్దిగా పెంచుకుంటూ, పులుపు ఎంతుందో చూపే పీహెచ్ కాగితంతో (అంకె తగ్గితే పులుపు పెరిగినట్లు) ఏడు దగ్గర నిలిచిందో లేదో చూసుకుంటే ఈ బాధ రాదు.

వేయకూడనివి కూడ చెప్పుకోవాలి. నిమ్మ తొక్కలు, ఊరగాయ మిగులు, ఎముకలు, గుడ్ల పెంకులు, సబ్బు నీళ్ళు, అన్నిటికంటె ముఖ్యంగా పాలిథీను సంచులు, కాగితపు కప్పులు పడకుండా చూడాలి. విస్తరాకులు నెమ్మదిగా కుళ్ళుతాయి, పైన తెట్టు కడతాయి కనుక వాటిని ఎరువు గుంటకు పంపడం మంచిది. హోటలులో బల్లలు తుడిచే కుర్రవాడికి రెండు బుట్టలు ఇచ్చి, ఏది దేనిలో వేయాలో ఓపికగా నేర్పకపోతే ఎంత మంచి ప్లాంటు అయినా మూలపడుతుంది. యంత్రం కొనడానికి ముందే ఆ రెండు బుట్టలు పెట్టి కొన్ని వారాలు నడిపి చూడండి. సక్రమంగా నడిస్తేనే ముందుకు వెళ్ళండి.

వేడి నూనె, నెయ్యి తేలే కూరల జిడ్డు కూడ తొట్టిలో ఎక్కువ పడకూడదు. మీరు అన్న నల్ల నూనెను అందులో పోయాలనే ఆలోచన పెట్టుకోవద్దు.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వంటింటి పొయ్యికి గ్యాసు అనే మాట నాకు నచ్చింది. అయితే నూనె సంగతి ఇంకా తేలలేదు. వ్యానులో వడకట్టిన నూనె పోయవచ్చునా? అలాగే పశువులకు పెట్టగలిగినప్పుడు కుడితిగా ఇవ్వడమే మేలు కాదా అని మా నాన్నగారు అడుగుతున్నారు.

జవాబు 3 (పర్లాకిమిడి, విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు)

మీ నాన్నగారి మాట సరైనదే. తాజాగా మిగిలిన అన్నం ముందు మనిషికి, తరువాత పశువుకు పోయి, ఆ రెండూ కుదరని భాగం తొట్టికి రావాలి. చుట్టుపక్కల పశువులున్నవారు ఉదయమే వచ్చి పట్టుకుపోయే ఏర్పాటు చేసుకోగలిగితే చేసుకోండి, అందులో ప్లాస్టిక్కు ఉండకూడదన్న షరతు మాత్రం ఉండాలి.

ఇక నూనె. వడకట్టిన వంట నూనెతో డీజిల్ ఇంజను కొంతకాలం నడుస్తుందనడంలో అబద్ధం లేదు. 1900 సంవత్సరంలో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. అయితే వంట నూనె చిక్కదనం డీజిలుకు దాదాపు పది రెట్లు. ఈనాటి ఇంజనులలో సన్నని తుంపరగా చిమ్మవలసిన నాజిళ్ళు ఆ చిక్కదనానికి మూసుకుపోతాయి, సరిగా మండని నూనె గట్టి మసిగా అంటుకుంటుంది. పైగా మూకుడులో పదేపదే కాగిన నూనెలో నీరు, ఉప్పు, పిండి ముక్కలు, విడిపోయిన కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. మెకానిక్కు చెప్పినట్లు చేస్తే వ్యాను కొంతకాలం బాగానే పోతుంది, ఆ తరువాత మరమ్మత్తు బిల్లు వస్తుంది, ఆ బిల్లు రాసేది కూడ ఆయనే.

వాడిన నూనెను ఇంధనంగా మార్చే సరైన దారి బయోడీజిల్. నూనెను మెథనాలుతో, కొద్దిపాటి క్షారంతో కలిపి అరవై డిగ్రీల లోపు వేడి చేస్తే, కొవ్వు అణువు మూడు ముక్కలుగా విడి మెథనాలుతో కలుస్తుంది, గ్లిజరిన్ అడుగున దిగుతుంది. నూరు లీటర్ల నూనెకు ఇరవై లీటర్ల దాకా మెథనాలు పడుతుంది, నూరు లీటర్లకు దగ్గరగా బయోడీజిల్, సుమారు పది కిలోల గ్లిజరిన్ వస్తాయి. చదవడానికి ఇంత తేలికగా ఉన్నది కనుకనే కొందరు ఇంటి పెరట్లో మొదలు పెడతారు. నేను వద్దంటాను. మెథనాలు 65 డిగ్రీల దగ్గర మరుగుతుంది, దాని ఆవిరి తేలికగా అంటుకుంటుంది, కడుపులోకి పోతే కళ్ళు, ప్రాణం రెండూ పోగలవు. వంటింటి పొయ్యిలున్న చోట ఆ డబ్బాలు పెట్టరాదు. పైగా ఎక్కువ కాగిన నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు ఎక్కువైతే క్షారం వాటితో కలిసి సబ్బు అవుతుంది, బయోడీజిల్ తగ్గిపోతుంది. అటువంటి నూనెను ముందుగా ఆమ్లంతో శుద్ధి చేయాలి, ఆ తరువాతే క్షారం. అది చిన్న ప్రయోగశాల పని, హోటలు పని కాదు.

మీరు నూనె ఇచ్చేవారుగా ఉంటే చాలును. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జూలై 1 నుండి, నూనెలో ధ్రువ సమ్మేళనాలు (పదేపదే కాగినప్పుడు నూనె విరిగి పుట్టేవి) 25 శాతం దాటితే దానిని వంటకు వాడరాదని నియమం పెట్టింది. అదే సంవత్సరం ఆగస్టు 10న వాడిన నూనెను సేకరించి బయోడీజిల్ చేయించే రూకో కార్యక్రమం మొదలైంది. వేపుళ్ళకు రోజుకు యాభై లీటర్లకు మించి నూనె వాడేవారు లెక్కలు రాసి, అధీకృత సేకరణదారులకే ఇవ్వాలి. మీరు ఆ పరిమితికి లోపల ఉంటారేమో గాని, అయిదు హోటళ్ళు కలిసి ఒకే డ్రమ్ములో పోగు చేసి నమోదు చేసుకున్న సేకరణదారుకు ఇస్తే వచ్చిపోయే ఖర్చు కిట్టుబాటవుతుంది. అడిగిన వాడికల్లా అమ్మడం ప్రమాదమన్న మీ భయం న్యాయమైనదే, ఎందుకంటే నల్ల నూనెలో చాలా భాగం మళ్ళీ బళ్ళ మీద బజ్జీలు వేసే మూకుళ్ళలోకే తిరిగిపోతుంది. తీసుకునేవాడి రశీదు, దానిపై ఏ సంస్థకు చేరుస్తాడో వివరం లేకుండా ఇవ్వకండి.

ఒక చిన్న మాట. హోటళ్ళలో ఎక్కువగా వాడేది పామాయిలు. దానితో చేసిన బయోడీజిలు మన తీరంలో బాగానే ఉంటుంది, కోరాపుట్, సెమిలిగుడ కొండల మీద చలికాలపు తెల్లవారుఝామున చిక్కబడి ఫిల్టరును పట్టేస్తుంది. మిశ్రమంలో కొద్ది శాతమే కలిపితే ఆ బెడద లేదు. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం కూడ 2030 నాటికి డీజిలులో అయిదు శాతం కలపడమే లక్ష్యంగా పెట్టుకున్నది.

జవాబు 4 (బరంపురం, పురపాలక చెత్త నిర్వహణలో పనిచేసినవారు)

జయపురం వారితో ఒక విషయంలో విభేదిస్తాను. ఆయన అయిదు హోటళ్ళను చూసి లెక్క కట్టారు. వాహన ఇంధనం ప్రశ్నకు హోటలు సరైన కొలమానం కాదు, పట్టణమే కొలమానం. హోటళ్ళు, కల్యాణ మండపాలు, ఆసుపత్రి క్యాంటీన్లు, కూరగాయల బజార్లు కలిసి ఒక ఇరవై టన్నుల శుభ్రమైన తడి చెత్త ఇవ్వగలిగితే, పై లెక్క ప్రకారమే రోజుకు ఆరు వందల కిలోల గ్యాసు. సీఎన్‌జీ బస్సు కిలోకు మూడు, మూడున్నర కిలోమీటర్లు నడిచినా, రోజుకు రెండు వందల కిలోమీటర్లు తిరిగే తొమ్మిది పది బస్సులు నడుస్తాయి. ఇందౌరు చేసినది ఇదే, మనకు సాధ్యం కాదని ముందే తీర్మానించడం సరికాదు.

2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు కూడ హోటళ్ళు చెత్తను మూలంలోనే వేరుచేయాలని, కుళ్ళే భాగాన్ని వీలైనంతవరకు ఆవరణలోనే ఎరువుగానో బయోగ్యాసుగానో మార్చాలని చెప్పాయి. ఒడిశా పట్టణాలలో స్వయం సహాయక బృందాల మహిళలు నడిపే మైక్రో కంపోస్టింగ్ కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. అక్కడ తయారైన ఎరువు ‘మొ ఖత’ పేరుతో అమ్ముడవుతుంది. వేరుచేసే అలవాటు, చేసే చేతులు రెండూ ఊరిలో ఉన్నాయి. ఇంధనం ప్లాంటుకు ఇదే పునాది.

జవాబు 5 (జయపురం)

బరంపురం వారి అభ్యంతరం న్యాయమైనది. పట్టణం స్థాయిలో నేను కాదనను. నా భయం ఒక్కటే, ప్లాంటు కట్టిన తరువాత చెత్త కోసం వెతుక్కునే పరిస్థితి. ఇందౌరు విజయానికి మూలం ఇంటింటా తడి, పొడి చెత్తను ఏళ్ళ తరబడి వేరుచేయించిన పట్టుదల. యంత్రాలు ఆ తరువాత వచ్చాయి. దేశంలో సతత్ పథకాన్ని 2018 అక్టోబరు 1న ప్రారంభించినప్పుడు అయిదు వేల ప్లాంట్లు రావాలని లక్ష్యం పెట్టుకున్నారు, నిజంగా కట్టినవి దానికి చాలా దూరంలో ఉండిపోయాయి. ముడిసరుకు నిలకడగా అందడం, మిగిలిన బురద ఎరువుగా అమ్ముడవడం ఈ రెండింటి దగ్గరే చాలా ప్లాంట్లు తడబడ్డాయి. కనుక హోటళ్ళవారు ముందుగా పొయ్యికి గ్యాసు చేసుకుంటూ ఉంటే, రేపు పట్టణం ప్లాంటు కడితే శుభ్రమైన తడి చెత్తతో ముందుగా నిలబడేది వారే.

ప్రశ్నించినవారు

మాకు మార్గం తెలిసింది. మా హోటలులో ముందు రెండు బుట్టల పద్ధతి మొదలు పెడతాము, నూనెకు అయిదుగురం కలిసి ఒక డ్రమ్ము పెట్టి రశీదు ఇచ్చే సేకరణదారును వెతుకుతాము. చివరి సందేహం ఒక్కటి. పెళ్ళి ముహూర్తాల నెలలలో మా వీధిలోని కల్యాణ మండపం నుండి ఒక్కరోజులో నాలుగు వందల కిలోల అన్నం మిగులుతుంది. ఆ తరువాత పదిహేను రోజులు ఏమీ ఉండదు. ఇటువంటి ఎగుడుదిగుడును ప్లాంటు తట్టుకుంటుందా?

జవాబు 6 (జయపురం)

తట్టుకోదండి, తట్టుకోవాలని ఒత్తిడి పెట్టకండి. మీ రోజువారీ ఎనభై కిలోలకు సరిపడేంత తొట్టి కట్టించుకోండి, పెళ్ళి భోజనాల మిగులు కోసం పెద్దది కట్టించుకోకండి. పెద్దది కడితే మిగిలిన రోజులలో అది ఆకలితో ఉంటుంది, గ్యాసు చాలదు. మండపం వారి మిగులులో మంచిగా ఉన్నది మనుషులకు చేరాలి, చెడినది కంపోస్టింగ్ కేంద్రానికి పంపాలి. ఒకవేళ కొంత తొట్టిలో వేయాలంటే, రోజువారీ మోతాదుకు పదో వంతు మించకుండా పెంచి, రాయగడ వారు చెప్పినట్లు పీహెచ్ చూసుకోండి. అది 6.5 కిందికి దిగితే అన్నం వేయడం ఆపి, కొద్దిగా సున్నపు నీళ్ళు, పేడ నీళ్ళు పోసి రెండు మూడు రోజులు ఆగండి.

చలికాలంలో కోరాపుట్ కొండల మీద కంటె మీ తీరంలో గ్యాసు బాగా వస్తుంది, ఎందుకంటే ఈ సూక్ష్మజీవులకు ముప్పై అయిదు డిగ్రీల వేడి ఇష్టం. తొట్టి నుండి బయటకు వచ్చే ద్రవాన్ని మురుగు కాలువలోకి వదలకండి. పలుచగా నీరు కలిపి కొబ్బరి చెట్లకు పోయించండి, లేదా ఎండబెట్టి ఎరువు గుంటలో కలపండి. కట్టించే ముందు ఎవరి దగ్గరైనా సరే అదే సైజు ప్లాంటు కనీసం ఏడాది నడిచినది వెళ్ళి చూసి, వారి వంటవాళ్ళతో మాట్లాడి, గొట్టాల తుప్పు, బర్నరు మంట రంగు స్వయంగా పరిశీలించండి. మంట నీలంగా నిలకడగా ఉంటే మీథేను బాగున్నట్లు. పసుపు రంగులో ఊగుతూ ఆరిపోతుంటే, అమ్మేవాడు ఏమి చెప్పినా బయానా ఇవ్వకండి.